గ్రంథస్వామ్యమును గ్రంథముల వెలయును

గ్రంథమునెడ స్వత్వము రెండు తెఱగుల నుండును. ఈ కృతిని రచించినవాడను నేనే యని చెప్పుకొను స్వత్వము మొదటిది. దానికి ప్రతులు కల్పించి విక్రయించు స్వత్వము రెండవది. మన ప్రాచీనులు మొదటిదానినే విచారించిరి. రాజశేఖరుడు కావ్యమీమాంసయందు పదునొకండవ అధ్యాయము మొదలు మూడధ్యాయములలో శబ్దార్థహరణ భేదములను వివరించియున్నాడు. పరుల పలుకును పరుల భావమును తనవిగా ప్రకటించుకొనుటయే అచ్చటి విచారణీయాంశము. ప్రతి వ్రాసికొనుట కాదు. తాటియాకులపై గంటముతో ప్రతి యెత్తినవాడు గ్రంథమును నిలిపినవాడుగనే యెన్నబడెను. ఒక్కొక్క ప్రతికిని మరల మొదటినుండి శ్రమపడవలసియుండుటచే, పరుల కృతికి ప్రతులెత్తి యమ్ముకొని గ్రంథకర్త జీవనమును కొల్లగొట్టు వర్తకమునకు ఆ కాలమున తావు లేకుండెను.

ముద్రణయంత్రము ఈ స్థితిని మార్చినది. మొదట అచ్చువేయువాడు గ్రంథకర్తకు సొమ్మిచ్చి, వ్రాతప్రతిని పరిష్కరింపజేసి, అమ్ముడుపోవునో పోదో యను సంశయమును భరించి పుస్తకమును వెలువరించును. దానిని చూచి మరల అచ్చువేయువానికి కూర్పు, కాగితము తప్ప వేఱు వ్యయము లేదు. కావున వాడు తక్కువ వెలకు అమ్మగలడు. ఈ రెండవవానిని అడ్డగించుటకే రెండవ స్వత్వము పుట్టినది. దానినే గ్రంథస్వామ్యమనియు కాపీరైటనియు వ్యవహరింతురు. పుట్టుకయందే యిది వెలతో ముడిపడిన స్వత్వము. పోటీదారుని తొలగించినచో మిగిలిన యొక్కడు తన యిచ్చవచ్చిన వెల పెట్టగలడు. ఆ వెల యెంతవఱకు న్యాయమను ప్రశ్నము స్వామ్యముతోడనే పుట్టవలసినది. తొలి శాసనకర్తలు ఈ ప్రశ్నమును మఱువలేదు, తరువాతివారు మఱచిరి. నేడు పైరసీ యనబడు దొంగప్రతుల వ్యవహారమునకు ఆ మఱపు ఒక ముఖ్యకారణము.

ఇంగ్లండునందు ఆన్ రాణి కాలమున పుట్టి 1710 ఏప్రిల్ 10వ తేదినుండి అమలులోనికి వచ్చిన శాసనము గ్రంథకర్తలకు స్వామ్యమొసగిన మొదటి శాసనముగా ప్రసిద్ధము. అంతకుముందు లండను పుస్తకవర్తకుల శ్రేణియగు స్టేషనర్సు కంపెనీవారు తమలో తాము పంచుకొనుచుండిన హక్కును ఈ శాసనము గ్రంథకర్త పేర నిలిపినది. క్రొత్త గ్రంథమునకు 14 సంవత్సరములు. అవి గడచునప్పటికి గ్రంథకర్త జీవించియున్నచో మరల 14 సంవత్సరములు. అంతకుముందే యచ్చైన గ్రంథములకు 21 సంవత్సరములు గడువు. ఇంతవఱకు పలువురెఱిగినదే. అంతగా గమనింపబడని నిబంధన మఱియొకటి ఆ శాసనమునందే కలదు. పుస్తకవిక్రేత అన్యాయమైన హెచ్చువెల పెట్టినాడని తోచినచో ఎవరైనను ఫిర్యాదు చేయవచ్చును. కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు, ప్రధాన న్యాయాధిపతులు, ఆక్సుఫర్డు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయముల వైస్‌చాన్సలర్లు మున్నగు వారు విక్రేతను పిలిపించి విచారించి, తగిన వెలను నిర్ణయింపవచ్చును. ఆ నిర్ణయమును మీఱి యమ్మినచో పుస్తక మొక్కింటికి 5 పౌనుల దండనము. అనగా ఆ శాసనము స్వామ్యము నిచ్చుచునే వెలకు హద్దు పెట్టినది. విద్యాపీఠముల పెద్దలకు ఆ హద్దును నిర్ణయించు పని నప్పగించుటలోని భావము స్పష్టము: పుస్తకము వర్తకవస్తువేకాక విద్యాసాధనము కూడ.

ఈ వెల నిబంధన 1739లో రద్దైనది. స్వామ్యము నిలిచెను, హద్దు తొలగెను. లండను వర్తకులు అంతటితో తృప్తిపడక, శాసనము విధించిన గడువు తీరినను సామాన్యన్యాయమునుబట్టి తమకు శాశ్వతస్వామ్యము కలదని వాదించిరి. 1769లో మిల్లరు, టైలరు అనువారి వ్యాజ్యమున కింగ్సు బెంచి న్యాయస్థానము ఈ వాదమును అంగీకరించెను కూడ. దీని కెదురు నిలిచినవాడు ఎడింబరో పుస్తకవిక్రేత అలెగ్జాండరు డొనాల్డ్‌సను. అతడు గడువు తీరిన గ్రంథములను ముద్రించి, 1763లో లండనునందే అంగడి తెఱచి, అచ్చటి వెలలకంటె నూటికి 30 మొదలు 50 వఱకు తగ్గించి యమ్మెను. లండను వర్తకులకు అతడు దొంగ, పాఠకులకు ఉపకారి. జేమ్సు థామ్సను కవి రచించిన ఋతువర్ణన కావ్యము విషయమున నడచిన వ్యాజ్యములో ప్రభువులసభ 1774 ఫిబ్రవరి 22న శాశ్వతస్వామ్యము లేదని తీర్మానించెను. ఆ కవి 1748లోనే గతించియుండెను. హెచ్చువెలవలన వచ్చు సొమ్ము కవికి కాక, హక్కును కొనుక్కొన్న వర్తకునకు చేరుచుండెనని దీనివలననే తెలియుచున్నది.

ఈ తీర్పువలన ఆంగ్లసారస్వతము క్షీణింపలేదు. జాన్ బెల్ అను వర్తకుడు 1777 మొదలు 1782 వఱకు ఆంగ్లకవుల కృతులను 109 చిన్న సంపుటములుగా అల్పమూల్యమునకు వెలువరించెను. అతనితో పోటీకి నిలువదలచిన లండను వర్తకులు తమ కవిసంపుటములకు పీఠికలు వ్రాయుడని 1777లో డాక్టరు జాన్సనును ప్రార్థించిరి. ఆంగ్లవిమర్శమునకు ఆధారగ్రంథముగా ఎన్నబడు ఆతని కవిజీవితములు ఇట్లు పుట్టినవి. గుత్తాధిపత్యము తొలగినచోట వర్తకులు వెలతోడను గుణముతోడను పోటీపడవలసివచ్చు ననుటకు ఇది నిదర్శనము.

1841లో టాల్ఫర్డు అను సభ్యుడు గ్రంథకర్త మరణానంతరము 60 ఏండ్లవఱకు స్వామ్యము నిలువవలెనని పార్లమెంటున ప్రతిపాదించెను. 1835నాటి విద్యావిషయక లేఖవలన మన దేశమున పేరుమోసిన మెకాలే, 1841 ఫిబ్రవరి 5న దాని నెదిర్చి ప్రసంగించెను. అతని వాదమును మూడంశములుగా సంగ్రహింపవచ్చును. స్వామ్యము రచయితలను పోషించుటకై పాఠకులపై విధించు పన్నువంటిది. అది యావశ్యకమే గాని, ఆవశ్యకమునకు మించి యొక్క దినమును ఉండరాదు. రచయిత గతించిన పెక్కేండ్లకు ఎవరికో చేరు లాభము అతనిని వ్రాయుటకు పురికొల్పదు. పేదఱికముననే పెక్కేండ్లు గడపిన జాన్సనునకు అట్టి లాభము కొఱగాకుండెడిది. మూడవ యంశము ముఖ్యము. జనుల న్యాయబుద్ధికి సరిపడని శాసనము చేసినచో, అంతవఱకు దొంగముద్రణమును ఏవగించుకొను పెద్దమనుష్యులే దానికి తోడ్పడుదురు. అప్పుడు అన్యాయమైన హక్కుతోపాటు న్యాయమైన హక్కునకును రక్షణము కొఱవడును. ఆ ప్రతిపాదనము వీగిపోయెను. 1842 శాసనము ప్రచురణమునుండి 42 ఏండ్లుగాని, జీవితకాలమును ఆపై 7 ఏండ్లునుగాని, ఏది యెక్కువయైన నది గడువని నిర్ణయించెను.

మెకాలే యెదిర్చిన ఆ 60 ఏండ్ల గడువే నేడు భారతదేశమున నమలులోనుండుట గమనింపదగినది. మన దేశమునకు గ్రంథస్వామ్య శాసనము 1847లో కంపెనీ ప్రభుత్వమువలన వచ్చినది. 1914 చట్టము మరణానంతరము 50 ఏండ్ల గడువు పెట్టినది. అయినను అనువాదముల విషయమున ఆ చట్టము ఉదారముగా నుండెను. ఈ దేశమున తొలుత ప్రచురింపబడిన గ్రంథమును అనువదించు ఏకస్వత్వము 10 ఏండ్లవఱకే గ్రంథకర్తకు నిలుచును. ఆలోపల ఏ భాషలోనికి అనువాదము ప్రకటించెనో ఆ భాషకు మాత్రము పైనను నిలుచును. ఒక భాషలోని కృతి మఱియొక భాషకు వ్యాపించుట దేశమునకు మేలను తలంపు ఇందు గోచరించును. 1958 జనవరి 21నుండి అమలైన 1957 చట్టమును మొదట 50 ఏండ్ల గడువునే యుంచినది. రవీంద్రనాథ ఠాకూరు 1941లో గతించుటచే ఆయన కృతులపై స్వామ్యము 1991 డిసెంబరు 31తో ముగియవలసియుండెను. ఆ తరుణముననే ఆర్డినెన్సు వెలువడి, 1992 సవరణచే గడువు 60 ఏండ్లైనది. ఠాకూరు కృతులు 2002 జనవరి 1నుండి సర్వజనులవైనవి. కాని ఒక మహాకవి కృతులకై తలపెట్టిన 10 ఏండ్ల పొడిగింపు, అప్పటికి గడువు తీరని సమస్త గ్రంథములకును సంక్రమించినది. వారసులకు పుస్తకమును తిరిగి అచ్చువేయు తలంపున్నను లేకున్నను ఇది సమానమే.

ముద్రణయంత్రము ప్రతికగు వ్యయమును తగ్గించెను. డిజిటల్ సాధనము దానిని దాదాపు లేకుండజేసెను. నేడు గ్రంథమునకైనను చలనచిత్రమునకైనను క్షణములలో ప్రతి యెత్తవచ్చును. జనుల నీతి చెడుటయే పైరసీకి కారణమని కొందఱందురు. అమెరికాలోని సామాజికశాస్త్ర పరిశోధన మండలి 2011లో ప్రకటించిన పరిశీలనము వేఱు కారణమును చూపినది. భారతదేశము, బ్రెజిలు, రష్యా, దక్షిణాఫ్రికా, మెక్సికో, బొలీవియా దేశముల స్థితిని విచారించి, వెలలు హెచ్చుగను ఆదాయములు తక్కువగను ప్రతి యెత్తు సాధనములు చవుకగను ఉండుటచే పైరసీ వృద్ధియగుచున్నదనియు, శిక్షలను హెచ్చించుటవలన అది తగ్గినట్లు కానరాదనియు తేల్చినది. మన దేశముననే 2007లో మోజర్ బేర్ అను సంస్థ చలనచిత్రముల వీసీడీని 28 రూపాయలకును డీవీడీని 34 రూపాయలకును అమ్మనారంభించి, దొంగప్రతుల వెలకు దగ్గఱగా సక్రమమైన ప్రతిని నిలిపినది. తరువాత ఆ బిళ్లల వాడుకయే తగ్గిపోయినను, దొంగను వెలతో నెదుర్కొనవచ్చునని ఆ యత్నము చూపినది.

దీనివలన పైరసీ నిర్దోషమని భావింపరాదు. విడుదలైననాడే చిత్రమును సినిమాహాలులో దొంగతనముగ చిత్రించి వ్యాపింపజేయువాడు పేదపాఠకుడు కాడు. దానివలన ధనము గడించు వర్తకుడు. 2023లో సినిమాటోగ్రాఫు చట్టమునకు చేసిన సవరణ ఇట్టివానికి 3 నెలలు మొదలు 3 సంవత్సరముల వఱకు ఖైదును, 3 లక్షల రూపాయలకు తక్కువగాని జుల్మానాను విధించుచున్నది. తెలుగున వేయి ప్రతులు అచ్చువేసి, అవి చెల్లుటకు ఏండ్లు వేచియుండు రచయితలు పెక్కుండ్రు. అట్టి పుస్తకము అంగడిలో అందుబాటు వెలకు దొరకుచుండగా దానికి పీడీఎఫ్ చేసి పంచిపెట్టుట రచయిత నోటికాడి కూడు తీయుటయే. కాని యిరువది ముప్పది యేండ్లుగా ఎచ్చటను దొరకని వ్యాఖ్యానమునకు విద్యార్థి ప్రతి తీసికొనుట యిట్టిది కాదు. మొదటిదానివలన ఒకనికి నష్టము కలదు. రెండవదానివలన నష్టపడువాడు కానరాడు. స్వామ్యపు గడువు మాత్రము రెండింటికిని ఒక్కటే.

చట్టము ఈ భేదమును బొత్తిగా ఎఱుగదనరాదు. 1983 సవరణతో చేరిన 32ఏ సెక్షను ఆన్ రాణి శాసనమునందలి వెల నిబంధనను తలపునకు తెచ్చును. పుస్తకము దేశమున దొరకకున్నను, ఆఱు నెలలుగా తత్సమాన గ్రంథములకు ఈ దేశమున సామాన్యముగ నుండు వెలకు అమ్మకమున లేకున్నను, బోధనార్థము దానిని ముద్రించుటకు అనుమతి కోరవచ్చును. ఇందులకు ప్రచురణమునుండి సామాన్యముగ 5 ఏండ్లును, శాస్త్రగ్రంథములకు 3 ఏండ్లును, కథలు, కావ్యములు, నాటకములు మున్నగువానికి 7 ఏండ్లును గడవవలెను. 2012లో సవరింపబడిన 31ఏ సెక్షను, గ్రంథకర్త గతించియున్నను జాడ తెలియకున్నను, లభింపని గ్రంథమును రాయల్టీ చెల్లించి ప్రచురించుటకు వీలు కల్పించుచున్నది. బోధనార్థము అధ్యాపకులును విద్యార్థులును ప్రతులు తీసికొనుటను 52వ సెక్షను అనుమతించుచున్నది. ఢిల్లీ విశ్వవిద్యాలయపు ఫోటోకాపీ అంగడిపై ముగ్గురు విదేశీ ప్రచురణకర్తలు 2012లో తెచ్చిన వ్యాజ్యమున ఆ నగరపు హైకోర్టు 2016 సెప్టెంబరులోను డిసెంబరులోను ఈ సెక్షనును బోధనకు అనుకూలముగా వ్యాఖ్యానించినది. 2017లో ప్రచురణకర్తలు వ్యాజ్యమును ఉపసంహరించుకొనిరి.

అయినను తెలుగు పండితునకు చిక్కు తీఱలేదు. భారతము మొదలగు ప్రాచీన కావ్యముల మూలము ఎల్లరిది. దానిపై ఆధునికుడు వ్రాసిన పీఠికయు టీకయు అతనివి. గతించిన సంవత్సరమునకు 60 కలిపిన సంవత్సరాంతమువఱకు అవి స్వామ్యమునకు లోబడియుండును. విశ్వనాథ సత్యనారాయణగారు 1976లో దివంగతులగుటచే వారి కృతులకు గడువు 2036 డిసెంబరు 31. చలముగారు 1979లో గతించుటచే 2039. ప్రసిద్ధుల గ్రంథములు మరల మరల అచ్చగుచుండును. వానికి చిక్కు లేదు. అప్రసిద్ధుడైన టీకాకారుని పుస్తకమే మధ్య చిక్కువడును. వారసులెవరో తెలియదు, తెలిసినను అచ్చువేయరు, ఇతరులు అచ్చువేయుటకు భయపడుదురు. 31ఏ అనుమతికి ఆంగ్ల దినపత్రికలో ప్రకటనము, దరఖాస్తు, విచారణము కావలెను. 2021లో అప్పిలేటు బోర్డు రద్దైన పిమ్మట ఇట్టి అధికారములు న్యాయస్థానములకు చేరినవి. మూడువందల ప్రతులు వేయదలచిన గ్రంథాలయము పుస్తకపు వ్యయమునకు మించిన వ్యయమును అనుమతికే భరింపవలసివచ్చును. ఈలోపల కాగితము పెళుసెక్కి పొడియగుచున్నది.

కావున స్వామ్యము న్యాయమా యన్యాయమా యని ఒక్కమాటలో తీర్చుటకు వీలులేదు. అందుబాటు వెలకు గ్రంథము దొరకునంతకాలము స్వామ్యము న్యాయము, దొంగప్రతి దోషము. వెల మితిమీఱినప్పుడును, గ్రంథమే లభింపనప్పుడును, స్వామ్యమునకు ఆధారమైన ప్రయోజనము సన్నగిల్లును. 1710నాటి శాసనము వెలను విచారించు భారమును విద్యాధికారులపై నుంచెను. నేటి చట్టము అనుమతి కోరు పాఠశాలపై నుంచుచున్నది. లభింపని గ్రంథములకు ఈ యనుమతి సులభముగను స్వల్పవ్యయముతోను దొరకునట్లు చేయుట ప్రభుత్వము పని. జీవించియున్న రచయితలు తమ వంతుగా చేయదగినదియు నొకటి కలదు: 21వ సెక్షను ననుసరించి రచయిత తన స్వామ్యమును పూర్తిగాగాని కొంతగాగాని ప్రకటనమూలమున విడిచిపెట్టవచ్చును. మరల అచ్చువేయించు ఉద్దేశము లేని గ్రంథము విషయమున ఈ యొక్క ప్రకటనము చేసినచో, దానికి ప్రతి యెత్తు విద్యార్థి దొంగ యనిపించుకొనడు, గ్రంథమును నశింపదు.