విద్యుత్తు పనివారి చదువు

నేడు మన యిండ్లలో విద్యుచ్ఛక్తి చేయని పని లేదు. దీపము వెలిగించుట మొదలు పిండి రుబ్బుట, నీరు తోడుట, బట్టలుతుకుట వరకు నన్నియు దానివలననే జరుగుచున్నవి. ఇంటిల్లిపాదిలో దానితో నెక్కువగా మెలగునది గృహిణియే. అట్లుండియు, ఆ శక్తిని మన గోడలలోనికి దెచ్చి యదుపులో నుంచు పనివారు ఎచ్చట, నెట్లు చదువుకొందురో మనలో నెరిగినవారు తక్కువ. ఎరుగవలసిన కారణములు రెండు గలవు. ఆ పనిని క్రమముగా జదివినవారికిని, చూచి నేర్చినవారికిని గల భేదము మన బిడ్డల ప్రాణములకు సంబంధించినది. అదియునుగాక, ఆ చదువు మన యాడుబిడ్డలకును దగినదే.

మావారు ఉన్నత పాఠశాలలో నుపాధ్యాయులగుటచే, ఏటేట పరీక్షా ఫలితములు వెలువడగానే "పిల్లను ఇక నేమి చదివింపుమందురు?" అని యడుగవచ్చు తల్లిదండ్రులు మా యింట బెక్కురు. ఒకమారు ఒక బాలిక తానే ముందుకు వచ్చి, "అమ్మగారూ, నాకు కరెంటు పని నేర్చుకోవాలని ఉన్నది. మీరైనా మా అమ్మకు చెప్పండి" అనినది. తల్లి నొచ్చుకొని, "స్తంభాలెక్కే పని ఆడపిల్లకెందుకమ్మా?" అనెను. చూడనిదానిని గూర్చి వాదించుట యుచితము కాదని, మేమా తల్లీబిడ్డలను వెంటబెట్టుకొని యొక పారిశ్రామిక శిక్షణాలయమునకు వెళ్లితిమి.

ఐ.టి.ఐ. యని మనము పిలుచు నీ శిక్షణాలయములలో జరుగు బోధనకు మూలము, కేంద్ర ప్రభుత్వమువారు 1950లో నారంభించిన వృత్తి శిక్షణ పథకము. ఎలక్ట్రీషియను శాఖలో జదువు రెండేండ్లు. పదవ తరగతిలో గణితము, విజ్ఞానశాస్త్రము చదివి యుత్తీర్ణులైనవారు చేరవచ్చును. ముగిసిన పిమ్మట, 1961 నాటి అప్రెంటీసు చట్టము ననుసరించి కర్మాగారములలో భృతి పుచ్చుకొనుచు పని నేర్చుటకు గూడ వీలున్నది. స్త్రీలకు బ్రత్యేకముగా నేర్పడిన శిక్షణాలయములును గలవు.

అచ్చటి పనిశాలలో మమ్ము మొదట నాశ్చర్యపరచినది, క్రొత్తగా జేరినవారి చేతికి విద్యుత్తు ప్రవహించు తీగ నీయకపోవుటయే. వారికి ముందుగా నేర్పునది ప్రమాదమైనపుడు చేయవలసిన పని. విద్యుత్తు తగిలి యంటుకొనిపోయినవానిని చేతితో బట్టి లాగరాదనియు, ముందు మెయిను స్విచ్చి నాపవలెననియు, అది యందుబాటులో లేనిచో నెండిన కర్రతో త్రోసి విడదీయవలెననియు, ఊపిరి యాగినవానికి కృత్రిమ శ్వాస కల్పించు విధమును నేర్పెదరు. పిదప ఆకురాయి పట్టుట, రంపముతో నినుము కోయుట మొదలగు చేతిపనులు. ఆ తరువాతనే తీగలు ముడివేయు పాఠములు. ఈ ముడులలో 'మ్యారీడ్ జాయింటు' అను పేరుగలది యొకటి కలదు. రెండు తీగల పోగులను విడదీసి, యొకదాని నడుమ నొకటి చొనిపి, జడ యల్లినట్లు గట్టిగా జుట్టుదురు. దానిని జూచి మా వెంటవచ్చిన తల్లి నవ్వి, "ఇది మా అమ్మాయికి ఎవరూ నేర్పనక్కరలేదు" అనెను. ముడి వదులైనచో నచ్చట వేడి పుట్టి నిప్పంటుకొనుననియు, కాన దీని నెన్నిమారులైనను విప్పించి మరల వేయింతుమనియు బోధకులు చెప్పిరి.

లెక్కలును విడువలేదు. ఓము అను జర్మను పండితుడు 1827లో బ్రకటించిన సూత్రమును వారు నీళ్లతొట్టి యుపమానముతో జెప్పుదురు. తొట్టి యెత్తు వోల్టేజి, గొట్టములో బారు నీరు కరెంటు, గొట్టపు ఇరుకు నిరోధము. మన యింటి కాపురపు లెక్కయు నిట్టిదే. 2000 వాట్ల నీళ్లు కాచు గీజరు 230 వోల్టుల వద్ద సుమారు 8.7 ఆంపియర్లు లాగును. దానిని 6 ఆంపియర్ల చిన్న సాకెట్టున దగిలించిన నేమగునో బాలురు తామే లెక్కించి చెప్పిరి. రెండవ యేట మోటార్లకు తీగ చుట్టుట, యంత్రములను నడుపు ప్యానెళ్లు బిగించుట మున్నగునవి వచ్చును.

అచ్చట మేము గ్రహించిన ముఖ్యవిషయము వేరొకటి. బోధకులు రెండు పలకలపై రెండు దీపములను వెలిగించి చూపి, "అమ్మా, వీటిలో ఏది తప్పు?" అని యడిగిరి. రెండును వెలుగుచున్నవి, స్విచ్చి నొక్కినచో రెండును ఆరుచున్నవి. మాకు భేదమేమియు గోచరింపలేదు. ఒకదానిలో స్విచ్చిని ఫేజు తీగపై నుంచిరి; అది సరియైనది. రెండవదానిలో న్యూట్రలు తీగపై నుంచిరి. దీపమారినను దాని హోల్డరులో విద్యుత్తు నిలిచియే యున్నది. బల్బు మార్చుటకు జేయి పెట్టినవానికి ప్రాణాపాయము! సరియైన పనియు, తప్పు పనియు వెలుగులో నొక్కతీరుననే యుండుననియు, కీడు మూడిన నాడే భేదము బయటపడుననియు వారు చెప్పిన మాట మా మనస్సున నాటినది.

అభిమన్యుడు పద్మవ్యూహమును జొచ్చుట నెరుగును, వెడలుట నెరుగడు. చూచి నేర్చిన పనివాడును దీపము వెలిగించుట నెరుగును గాని, అది కీడు చేయకుండ నాపుట నెరుగడు. ఫ్యూజు మాటిమాటికి పోవుచున్నదని లావు తీగ చుట్టిపోవును. ఫ్యూజు కరుగుటకు మారుగా గోడలోని తీగ కాలును. సాకెట్టున బట్టలేదని మూడవ పిన్నును గోసివేయును. ఆ లావుపాటి పిన్ను భూమికి సంబంధించినది. మిక్సీ లోపల తీగ చెడి పైరేకునకు దగిలినపుడు విద్యుత్తును మన దేహముగుండ బోనీయక భూమిలోనికి గొనిపోవునది యదియే. అందువలననే శిక్షణాలయములో నేలను గోతులు త్రవ్వించి, గొట్టము పాతించి, చుట్టును బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేయించి, ఎర్తింగు పనిని ప్రతి విద్యార్థిచేతను జేయింతురు. ఇంకొక నియమమును గూడ వారు మరువనీయరు. తీగలో విద్యుత్తు లేదని పరీక్షించుటకు ముందు, టెస్టరును విద్యుత్తున్న చోట నుంచి చూడవలెను. పరీక్షించిన పిదప మరల చూడవలెను. టెస్టరే చెడియున్నచో దాని సాక్ష్యమేమి సాక్ష్యము?

కావున సోదరీమణులు తమ యింట పని చేయువానిని నాలుగు ప్రశ్నలడుగుట మేలు. స్విచ్చి ఫేజు తీగపైననే యున్నదా? ప్రతి సాకెట్టునకు భూమితీగ వచ్చినదా? గీజరు తీగ దాని భారమునకు జాలునా? 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. బిగించితిరా? ఫ్యూజును, ఎం.సి.బి.యు తీగలను గాపాడును. స్వల్పమైన కరెంటు దేహముగుండ భూమికి బోవుచున్నపుడు కనిపెట్టి వెంటనే యాపి మనుష్యులను గాపాడునది ఆర్.సి.సి.బి. మాత్రమే. చదివినవాడు ఈ ప్రశ్నలకు సంతసించును; చదువనివాడు విసుగుకొనును.

ఇక ఆడుబిడ్డల మాట. స్తంభమెక్కుట యీ వృత్తిలో నొక శాఖ మాత్రమే. ప్యానెళ్ల కూర్పు, మోటార్ల చుట్టుడు, పరీక్షలు, సౌరవిద్యుత్తు పని మొదలగున వెన్నియో కలవు. ఐనను తెలంగాణమున స్తంభమెక్కు పరీక్షలో నెగ్గి 2022లో లైను పనిలో జేరిన వనితయు గలదు. అంతకు మున్నే మన తెలుగు కుటుంబములోని అయ్యలసోమయాజుల లలితగారు త్రోవ చూపిరి. ఆమె 1919లో మద్రాసున జన్మించి, 15వ యేట వివాహితయై, 18వ యేటనే నాలుగు మాసముల పసికందుతో వితంతువైనది. తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ యింజనీరింగు కళాశాలలో విద్యుచ్ఛాస్త్రాచార్యులు. వారామెను తమ కళాశాలలోనే చేర్పించిరి. 1943లో చదువు ముగించి యామె భారతదేశపు తొలి మహిళా విద్యుత్తు ఇంజనీరైనది. పట్టాలో పురుషవాచకమే యచ్చుపడియుండగా దానిని గొట్టివేసి స్త్రీవాచకము వ్రాయవలసివచ్చెను. ఆమె జమాల్‌పూరు రైల్వే పనిశాలలో చేతిపని నేర్చి, పిదప భాక్రానంగలు ఆనకట్ట విద్యుద్యంత్రముల పనిలోను బాల్గొనెను. బిడ్డను బెంచుకొనుచు, ఒకరి చేతి క్రిందికి బోక, తన కాళ్లపై నిలిచెను.

మా వెంటవచ్చిన తల్లి ఆనాడే కూతురి పేరు వ్రాయించెను. అందరు బిడ్డలు నీ చదువే చదువవలెనని మేమనము. కాని జాగ్రత్త, ఓర్పు, చేసిన పనిని మరల సరిచూచుకొను నలవాటు, ఇవి మన యాడువారికి వంటయింటిలోనే యబ్బిన గుణములు. ఈ వృత్తి కోరునవియు నవియే. బిడ్డ తనంత తానుగా గోరి వచ్చినపుడు, తల్లులు "వద్దు" అనుటకు ముందు, ఒక్కమారు దగ్గరనున్న శిక్షణాలయమునకు బోయి కన్నులార జూచిరండని మా ప్రార్థన.