పిలువని పేరంటము

పిలువని పేరంటమునకు వచ్చు చుట్టము తెలుగు సంసారములలో పాతకాలమునుండియు ఉన్నదే. అట్టి చుట్టమును ఒక పూట మర్యాద చేసి సాగనంపవచ్చును. ఇటీవల యిండ్లలోని కంప్యూటర్లలో దిగుచున్న పిలువని చుట్టములకు మాత్రము ఆ మర్యాద తెలియదు. అవి వచ్చునప్పుడు చప్పుడు చేయవు. వచ్చిన పిమ్మట యిల్లు తమదే యనుకొనును. పొమ్మన్నచో ఒక వాకిట వెడలి మరియొక వాకిట లోనికి వచ్చును.

నెల్లూరు తీరమున కావలి మొదలుకొని ముత్తుకూరు వరకు ఏ యూరికి పోయినను, ఉపాధ్యాయుల యిండ్లలోను, రొయ్యల రైతుల యిండ్లలోను కంప్యూటరుండుట నేడు వింత కాదు. ప్రశ్నపత్రములు కూర్చుట, పరీక్షాఫలితములు చూచుట, కళాశాల ప్రవేశములకు దరఖాస్తులు పంపుట, మేతకును సీడుకును అయిన లెక్కలు వ్రాసికొనుట - అన్నియు దానిమీదనే. అట్టి యింట ఒకనాటి యుదయమున యంత్రమును తెరచి చూచుసరికి, బ్రౌజరులో నిత్యము కనబడు వెదకుడుపుట మాయమై, కనివిని యెరుగని పేరుగల పుట యొకటి ప్రత్యక్షమగును. పైభాగమున కొత్త పట్టీ యొకటి వ్రేలాడుచుండును. అడుగున కుడిమూలనుండి "మీ కంప్యూటరులో అయిదు వైరసులున్నవి" అని యెర్రని చీటీ లేచుచుండును. పది నిమిషములైనను ప్రశ్నపత్రము తెరచుకొనదు. రాత్రికి రాత్రి ఎవరో లోన జొరబడి యీ పని చేసిపోయిరని గృహస్థుడు తలచును.

నిజమునకు చాలమార్లు ఎవరును జొరబడలేదు. వారము దినముల క్రిందట ఇంటివారే తలుపు తీసియుందురు.

అది జరుగు తీరు గమనింపదగినది. తరగతి పాఠమునకు ఒక వీడియో దించుకొనుటకో, పి.డి.ఎఫ్. పుటను మార్చుటకో, తెలుగు టైపు చేయుటకో ఒక ఉచిత ప్రోగ్రాము కావలసివచ్చును. వెదకగా మొట్టమొదట కనబడునది ఒక్కొక్కప్పుడు అసలు తయారుచేసినవారి పుట కాక డబ్బిచ్చి వేయించుకొన్న ప్రకటన. అందు "డౌన్‌లోడ్" అని పెద్ద ఆకుపచ్చ గుర్తులు రెండు మూడుండును. అసలైనది ఏ మూలనో సన్నని అక్షరములలో నుండును. దానిని తెచ్చి నడిపింపగా ఒకదాని వెంట నొకటి గడులు వచ్చును. మూడవ గడిలోనో నాలుగవ గడిలోనో చిన్న చతురస్రమున ముందుగనే టిక్కు పెట్టియుండును. ఈ టూల్‌బారును కూడ స్థాపించుటకును, వెదకుడుపుటను మార్చుటకును నాకు సమ్మతమే యని దాని భావము. పక్క వీధిలోని నెట్ సెంటరు కుర్రవాని నడిగిన, "అన్నీ నెక్స్టు నెక్స్టు కొట్టేయండి సార్, అదే అయిపోతుంది" అనును. అయిపోవుట నిజమే.

అరయెకరము పొలము కొనునప్పుడు దస్తావేజును నలుగురిచేత చదివించి, పాత దస్తావేజులతో పోల్చిచూచి, ఆ పిమ్మట సంతకము చేయు గృహస్థుడు ఇచ్చట ఇరువది పుటల ఆంగ్ల ఒప్పందమునకు చదువకయే వ్రేలిముద్ర వేయుచున్నాడు. తప్పు అతని దనుట న్యాయము కాదు. చదువకుండుటకే అది అంత పొడవుగా వ్రాయబడినదేమో యని సందేహింపవలసివచ్చును. పేరు ప్రతిష్ఠలు గల ప్రోగ్రాములును ఈ దోషమునకు దూరముగా నుండలేదు. జావాను నూతనపరచుకొను ప్రతిసారి ఆస్క్ టూల్‌బారు వెంట వచ్చుట, 2015 వరకు కొన్నియేండ్లపాటు లోకమంతటి గృహస్థులకు అనుభవమే.

వీనిని అందరును వైరసు లనుచున్నారు గాని, శాస్త్రజ్ఞులు వేరుచేసి చెప్పుదురు. వైరసు తన ప్రతిరూపమును తానే సృష్టించుకొని యంత్రమునుండి యంత్రమునకు ప్రాకును. 1986లో లాహోరులోని యిద్దరు సోదరులు వ్రాసిన "బ్రెయిన్" అనునది ఫ్లాపీల వెంట దేశదేశములకు వ్యాపించినది. అందులో వారు తమ చిరునామాను, టెలిఫోను నంబరును కూడ వ్రాసికొనుట ఆనాటి అమాయకత. నేటి అవాంఛిత ప్రోగ్రాము అట్లు ప్రాకదు. అది ఇంటివారి సమ్మతిపత్రమును చేతబట్టుకొని వచ్చును. అందుచేతనే వైరసు నిరోధకములు దీనిని దొంగ యని పట్టుకొనుటకు చాలకాలము తటపటాయించినవి.

ఇంత శ్రమపడి యీ పట్టీలను నాటుటలో లాభమేమి? మన పెన్న డెల్టాలో నాటుకూలి యున్నట్లే ఈ వ్యాపారములోను నాటుకూలి కలదు. 2016లో గూగుల్ సంస్థవారును, న్యూయార్కు విశ్వవిద్యాలయము వారును కలిసి దీనిని పరిశోధించిరి. ఒక్కొక్క కంప్యూటరులో తమ ప్రోగ్రాము నాటించినందుకు వ్యాపారులు చెల్లించు కూలి 10 సెంట్లు మొదలు ఒకటిన్నర డాలరు వరకు నుండెనని తేలినది. ఆ రోజులలో గూగుల్ రక్షణవ్యవస్థ ఇట్టి ప్రోగ్రాములను గూర్చి వారమునకు 6 కోట్లకు పైగా హెచ్చరికలు చేయుచుండెను. హానికర ప్రోగ్రాముల విషయమున చేయు హెచ్చరికలకు ఇవి ఇంచుమించు మూడింతలు. నాటిన పైరు పండుట ప్రకటనల రూపమున. గృహస్థుడు వెదకిన ప్రతి మాటయు వారి పుటమీదుగా పోవును. అతడేమి చూచెనో, ఏమి కొనగోరెనో ఆ వివరములు బజారున పడును.

కొత్త యంత్రమునకే చీడ పట్టి వచ్చిన సందర్భమును లేకపోలేదు. 2014లో లెనోవో సంస్థ అమ్మిన కొన్ని లాప్‌టాపులలో సూపర్‌ఫిష్ అను ప్రకటనల ప్రోగ్రాము ముందుగనే చేర్చబడియుండెను. బ్యాంకు పుటలవంటి భద్రమైన రాకపోకల నడుమ కూడ అది చొరగలదని 2015 ఫిబ్రవరిలో వెల్లడికాగా పెద్ద గగ్గోలు పుట్టినది. ఆ వ్యవహారము 2017లో అమెరికా ప్రభుత్వ వాణిజ్యసంఘముతో రాజీకి వచ్చినది.

ఇంటివారు తామే తలుపు తీసి తెగులును లోనికి తెచ్చుకొనుట యనునది నెల్లూరు తీరమునకు కొత్త పాఠము కాదు. 1994లో ఇక్కడి రొయ్యల చెరువులకు వైరసు సోకినది. అప్పటికి టైగరు రొయ్య బంగారమై, తీరమున ఉప్పుకయ్యలును చవిటినేలలును చెరువులుగా మారియుండెను. తెల్లమచ్చ తెగులు పట్టిన చెరువులో రొయ్య మేత మానును, గట్టు వారకు వచ్చును, వారము పది దినములలో చెరువు చెరువంతయు నాశనమగును. దానికి మందు లేదు, నేటికిని లేదు. ఆ వైరసు చెరువులోనికి వచ్చు ప్రధానమైన దారి సీడు. సముద్రమున పట్టిన తల్లిరొయ్యలనుండి హేచరీలలో పుట్టిన పిల్లలు చూపునకు చలాకీగానే యుండును. రైతు వానిని డబ్బిచ్చి కొని, సంచులలో తెచ్చి, తన చేతులారా చెరువులో వదలుకొనెను.

అనంతరము రైతులు నేర్చిన పద్ధతులు పాఠశాలలో చెప్పదగినవి. సీడును చెరువున వదలుటకు ముందే కొన్ని పిల్లలను ప్రయోగశాలకు పంపి పి.సి.ఆర్. పరీక్ష చేయింతురు. నీటిని వడగట్టి పెట్టుకొందురు. పక్క చెరువునుండి తెగులు మోసుకొని వచ్చు పీతలు రాకుండ గట్టుచుట్టును కంచె వేయుదురు; పక్షులు వ్రాలకుండ పైన దారములు కట్టుదురు. 2009లో వనామి రొయ్యకు అనుమతి లభించిన తరువాత, విదేశములనుండి వచ్చు తల్లిరొయ్యలు మద్రాసులోని క్వారంటైను కేంద్రమున పరీక్ష గడచిన పిమ్మటనే హేచరీకి చేరుట నియమమైనది. మందు లేని తెగులునకు వాకిటనే వైద్యము.

కంప్యూటరునకును మొదటి వైద్యము వాకిటనే. ప్రోగ్రామును దాని కర్తల సొంత పుటనుండియే తెచ్చుకొనుట సీడు పరీక్షవంటిది. స్థాపించునప్పుడు "ఎక్స్‌ప్రెస్" అను దారి విడిచి "కస్టమ్" అను దారిని పట్టినచో, దాచిపెట్టిన టిక్కులు చాలవరకు బయటపడును, వానిని తీసివేయవచ్చును. ఇంటి పిల్లలకు యజమాని హక్కులు లేని వేరు ఖాతా నేర్పాటు చేయుట పీతల కంచె. వారు పొరపాటున నొక్కినను ప్రోగ్రాము యంత్రపు మూలమునకు దిగుటకు పెద్దవారి సంకేతపదము కావలసియుండును. వలసిన సదుపాయము విండోసులోనే యున్నది. వాడుకొను ఇండ్లు మాత్రము తక్కువ.

ఇక ఇదివరకే దిగిన చుట్టముల సంగతి. రొయ్యల రైతుకు లేని అదృష్టము ఇచ్చట గృహస్థునకు కలదు. ఈ తెగులునకు చాలవరకు మందున్నది. ముందుగా నెట్టును ఆపి, వ్రాతలను, ఫోటోలను వేరొక డిస్కునకు ఎక్కింపవలయును, ప్రోగ్రాములను ఎక్కింపరాదు. పిదప విండోసు సెట్టింగ్సులో యాప్సు జాబితాను తెరచి, స్థాపించిన తేదీ ననుసరించి వరుస పెట్టి చూడవలయును. బాధ మొదలైన దినమునకు అటునిటు చేరిన పేర్లు అనుమానాస్పదములు. తెలియని పేరల్లా దొంగయని తీసివేయుటయు తగదు. ముద్రణయంత్రమునకో, శబ్దమునకో సంబంధించిన పేర్లును వింతగానే యుండును. పేరును మరియొక యంత్రముమీద వెదకి తెలిసికొని తీసివేయుట మేలు. తీసివేయునప్పుడును ఆ చుట్టము వదలదు. "నిజముగా పంపివేయుదురా?" అని యడిగి, "ఉంచుకొందును" అను మాటను పెద్ద గుర్తులో, "పంపివేయుదును" అను మాటను మసక అక్షరములలో పెట్టును. అక్కడ నిదానించి చదువవలయును.

దానితో సగము పనియే తీరును. మిగిలిన సగము బ్రౌజరులో. ఎక్స్‌టెన్షనులను ఒక్కొక్కటిగా చూచి అక్కరలేనివానిని తీసివేయుట, వెదకుడుపుటను తిరిగి యథాస్థానమున పెట్టుట - ఇవి పలువురు చేయుదురు. పలువురు మరచునది నోటిఫికేషను అనుమతి. కుడిమూలనుండి లేచు ఎర్రచీటీలు చాలమార్లు ప్రోగ్రాములే కావు. ఎప్పుడో ఒక పుట "వీడియో చూచుటకు అలో నొక్కుడు" అని యడుగగా నొక్కిన ఫలితము. బ్రౌజరు సెట్టింగ్సులో ఆ పుటకిచ్చిన అనుమతిని రద్దుచేయగానే "అయిదు వైరసులు" ఒక్క క్షణమున మాయమగును. చివరకు విండోసు వారి డిఫెండరుచేత సంపూర్ణ పరీక్ష చేయించి, అవాంఛిత ప్రోగ్రాములను అడ్డగించు మీటను వేసియుంచవలయును. మన హైదరాబాదులోని సి-డాక్ సంస్థ శాస్త్రజ్ఞులును ఈ దిశలో కృషి చేసిరి. అనుమతించిన ప్రోగ్రాములు తప్ప తక్కినవి నడువకుండ చేయు యాప్‌సంవిద్, పెన్‌డ్రైవుల రాకపోకలను అదుపుచేయు యు.ఎస్.బి. ప్రతిరోధ్ అను సాధనములు 2017 ఫిబ్రవరిలో సైబర్ స్వచ్ఛతా కేంద్రముతోపాటు వెలువడినవి.

ఈ మాత్రము చేయక, యంత్రము నెమ్మదించినదని వినగానే "ఫార్మాటు కొట్టేద్దాం" అను మరమ్మతుదారులును కలరు. ఎలుకమీద కోపముతో ఇంటికి నిప్పు పెట్టినట్లు, పట్టీ యొకటి పోవుటకై పదేండ్ల ఫోటోలును, పాఠములును పోవును. అంతకంటె చెరుపు చేయునది "కంప్యూటరును ఉచితముగా శుభ్రపరచెదము" అని ప్రకటించుకొను ప్రోగ్రాములను దించుకొనుట. ఇది దొంగచేతికి తాళము లిచ్చుటయే.

ఆ ఎర్రచీటీలో ఒక టెలిఫోను నంబరు కూడ ఉన్నచో వ్యవహారము పట్టీలను దాటిపోయినదని తెలిసికొనవలయును. ఏ పెద్ద కంప్యూటరు సంస్థయు తెరమీద చీటీ వేసి నంబరిచ్చి పిలువుమని చెప్పదు. పిలిచినవారిచేత దూరమునుండి యంత్రమును నడుపు ప్రోగ్రాము పెట్టించి, బ్యాంకు ఖాతా తెరిపించి దోచుకొను ముఠాలపై 2023 అక్టోబరులో సి.బి.ఐ. దేశమున 76 చోట్ల సోదాలు చేసినది. పాఠము చెప్పుకొని పెన్షనుపై బ్రతుకు విశ్రాంత ఉపాధ్యాయునకు ఇట్టి పిలుపు ఒక్కటి చాలును. ఇప్పుడీ యెత్తు చేతిఫోనులకును దిగినది. పెండ్లిపత్రిక యనియు, కిసాన్ సొమ్ము వివరములనియు, వాహనపు చలానా యనియు పేరుపెట్టి వాట్సాపులో ఎ.పి.కె. పత్రములను పంపుచున్నారు. ఎరిగినవారి నంబరునుండి వచ్చినను దానిని తెరువరాదు. వారి ఫోను అంతకుముందే చేయి దాటియుండవచ్చును. పెండ్లిపత్రిక ఎన్నడును ఎ.పి.కె.గా నుండదు. డబ్బు పోయినచో తడవు చేయక 1930కి ఫోను చేయవలయును. గడచిన ప్రతి గంటకును సొమ్ము ఒక ఖాతానుండి మరియొక ఖాతాకు మారిపోవుచుండును.

పాఠశాలలకు మరియొక దారి పెన్‌డ్రైవు. పరీక్షల దినములలో ప్రశ్నపత్రము అచ్చునకై నెట్ సెంటరునకు పోయిన పెన్‌డ్రైవు, ఆ దినమున వచ్చిన వందమంది పెన్‌డ్రైవులు చొచ్చిన చోటనే చొచ్చి తిరిగివచ్చును. ఫోల్డర్లన్నియు షార్టుకట్లుగా మారిపోయినవని గోలపెట్టని ఉపాధ్యాయుడు అరుదు. అచ్చునకు పోవు పెన్‌డ్రైవును వేరుగా ఉంచి, అందులో ఆ యొక్క పత్రము తప్ప మరేమియు లేకుండ చూచుకొనిన సగము బాధ తప్పును.

నూతనపరచని యంత్రముల గతి యేమగునో 2017 మే నెలలో తెలిసినది. వన్నాక్రై అను ప్రోగ్రాము ఆ నెల 12న బయలుదేరి 150కి పైగా దేశములలో కంప్యూటర్లను పట్టి, పత్రములకు తాళము వేసి డబ్బు కోరినది. మన రాష్ట్రమున చిత్తూరు, గుంటూరు, విశాఖ మొదలగు జిల్లాల పోలీసు కంప్యూటర్లును, తిరుమల తిరుపతి దేవస్థానము వారి కంప్యూటర్లు కొన్నియు దాని పాలబడినవి. ఇచ్చట మాత్రము ఎవరును తలుపు తీయలేదు. తలుపునకు గల బీటను పూడ్చు సవరణను మైక్రోసాఫ్టు రెండునెలల ముందే, మార్చిలోనే, పంపియుండెను. దానిని వేసికొననివారే దెబ్బతినిరి.

పల్లెటూళ్ల యిండ్లలోను బడులలోను ఇంకను నడుచుచున్న విండోసు 10 యంత్రములకు అట్టి సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. గృహస్థులు పేరు నమోదు చేయించుకొన్నచో 2026 అక్టోబరు 13 వరకు భద్రతా సవరణలు పంపెదమని ఆ సంస్థ ప్రకటించినది. విండోసు 11 నడుపు శక్తి లేని పాత యంత్రములపై ఉచితముగా దొరకు లైనక్సును వేసికొనవచ్చును. పాఠములు టైపు చేయుటకును, తెలుగున వ్రాయుటకును, ఫలితములు చూచుటకును అది చాలును. విండోసు కొరకు వ్రాసిన పట్టీలును, టూల్‌బార్లును దానిపై నడువవు.