వెండి మందు - మొండి క్రిములు

మా ఆవిడ చేతిమీద కాగిన నూనె పడితే డాక్టరుగారు తెల్లని లేపనం రాసిచ్చారు. ట్యూబు మీద ‘సిల్వర్ సల్ఫాడయజీన్’ అని ఉంది. బ్యాంకులో చిట్టాలు రాసుకున్న కామర్స్ వాణ్ణి. వెండికి వైద్యంతో ఏం పని అని మనవరాలి పుస్తకాలు తిరగేశాను.

పనిచేసేది వెండి అయాను. అది క్రిమి ప్రోటీన్లలోని గంధకాన్ని పట్టుకుంటుంది, కణపు పొరను దెబ్బతీస్తుంది, శ్వాసను ఆపుతుంది. చాలా యాంటీబయాటిక్‌లు ఒక్క తలుపే తడతాయి. క్రిమి ఆ తాళం మార్చుకుంటే చాలు, మందు పారదు. వెండి అన్ని తలుపులూ ఒకేసారి తడుతుంది.

అసలు చిక్కు బయోఫిల్మ్‌తో. నీళ్లతొట్టి గోడకు పట్టే జారుడు పాచిలాగా, మానని పుండ్లమీదా మూత్రపు గొట్టాలలోనూ క్రిములు జిగురుపొర కట్టుకుని గుంపుగా బతుకుతాయి. అక్కడ మందులు సరిగా పనిచేయవు. వెండి పూసిన గొట్టాలు, వెండి కట్లు వచ్చింది అందుకే. పొర ముదిరితే వెండీ చాలదు. షుగరున్న మా అన్నయ్య కాలిపుండును డాక్టరు ముందు గీకి శుభ్రం చేసి, తర్వాతే కట్టు కట్టారు.

ఈ లేపనాన్ని 1968లో అమెరికాలో డాక్టర్ చార్లెస్ ఫాక్స్ ప్రవేశపెట్టారు. 1975 నాటికే బోస్టన్‌లోని ఒక కాలినగాయాల వార్డులో సిల్వర్ నైట్రేట్‌కు లొంగని సాల్మొనెల్లా బయటపడింది! లోపలికి వచ్చిన వెండిని బయటికి తోసేసే జన్యువులు దానికున్నాయి. ఒక క్రిమి నుంచి ఇంకొకదానికి అవి చేరగలవు కూడా. కాబట్టి ప్రతి గీతకూ ఈ లేపనం పూయకండి.

‘వెండి నీళ్లు’ అని అమ్మే సీసాలు పిల్లలకు తాగించకండి. వెండి ఒంట్లో పేరుకుంటే చర్మం నీలిబూడిద రంగుకు తిరుగుతుంది, మళ్లీ మామూలు కాదు. సల్ఫా మందులు పడనివారు, నెలలు నిండిన గర్భిణులు, రెండు నెలల్లోపు బిడ్డల తల్లులు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.