బ్రేకు మన చేతుల్లో

కారు బ్రేక్ ప్యాడ్లను ఇంటి దగ్గరే మార్చుకోవడం పెద్ద కష్టమేమీ కాదు. ఆ సులువు ఎక్కడిదాకానో తెలియకపోతేనే ప్రమాదం

మొదట వినిపించేది సన్నని కీచు. సిగ్నల్ దగ్గర కారు ఆగబోతుంటే ముందు చక్రాల్లోంచి వచ్చే ఆ శబ్దాన్ని చాలామంది దుమ్ము వల్లనో, వాన వల్లనో అనుకుని ఊరుకుంటారు. నిజానికి చాలా కార్లలో అది తయారీదారులు కావాలని పెట్టిన హెచ్చరిక. బ్రేక్ ప్యాడ్ అరిగి పలచబడగానే దానికి అమర్చిన చిన్న ఉక్కు రేకు తిరిగే డిస్కుకు తగిలి కూత పెడుతుంది. అప్పటికీ పట్టించుకోకపోతే కొన్నాళ్లకు ఆ కీచు కాస్తా గరగరగా మారుతుంది. అంటే రాపిడి పదార్థం పూర్తిగా అయిపోయి, వెనకున్న ఇనుప పలక డిస్కును కొరికేస్తోందన్నమాట. ప్యాడ్లతో పోయే ఖర్చు డిస్కుల దాకా వచ్చేది ఇలాగే.

వీధి చివరే మెకానిక్ దొరికే దేశంలో సొంత కారు చక్రం విప్పాల్సిన అవసరం చాలామందికి కనిపించలేదు. 2020 లాక్‌డౌన్‌లో షెడ్లు మూతపడ్డాక మాత్రం ఫోన్‌లో వీడియోలు చూస్తూ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పానా పట్టినవాళ్లున్నారు. మజూరీ మిగలడం ఒక కారణం మాత్రమే. తమ కారుకు ఏం వేశారో, ఏం తీశారో కళ్లారా చూసుకోవచ్చన్నది అంతకన్నా పెద్ద కారణం. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. ఈ మరణాలకు అన్నిటికన్నా ఎక్కువగా కారణమైంది మితిమీరిన వేగమే. ఆ వేగానికి కళ్లెం వేయాల్సింది అరచేతిలో పట్టే ఈ పలకలే.

మన రోడ్ల మీది చాలా చిన్న కార్లకు ముందు చక్రాలకు డిస్కులు, వెనక డ్రమ్ములు ఉంటాయి. బ్రేకు వేయగానే కారు బరువు ముందుకు ఒరుగుతుంది కాబట్టి ఎక్కువ భారం పడేది, త్వరగా అరిగేది ముందు ప్యాడ్లే. పని మొదలుపెట్టే ముందు కారును చదునైన నేల మీద ఆపి, వెనక చక్రాలకు అడ్డు పెట్టాలి. చక్రం నేలకు ఆని ఉండగానే నట్లను కాస్త వదులు చేయాలి. డిక్కీలో వచ్చే జాకీ స్టెప్నీ మార్చడానికే. దాన్ని నమ్ముకుని చక్రం తీసి పనిచేయడం ప్రాణాలతో చెలగాటం. కారు బరువు దృఢమైన స్టాండ్ల మీద నిలవాలి. కొందరు స్టాండ్లకు బదులు ఇటుకలు పేరుస్తారు, కానీ ఇటుక చెప్పి పగలదు.

చక్రం తీస్తే డిస్కును పట్టుకున్న క్యాలిపర్ కనిపిస్తుంది. చాలా కార్లలో దాని కింది బోల్టు విప్పి పైకి తిప్పితే పాత ప్యాడ్లు చేతికొస్తాయి. క్యాలిపర్‌ను పూర్తిగా ఊడదీయాల్సి వస్తే బ్రేక్ గొట్టానికి వేలాడనీయకుండా తీగతో కట్టాలి. కొత్త ప్యాడ్లు మందంగా ఉంటాయి కాబట్టి అవి పట్టేలా పిస్టన్‌ను సి-క్లాంపుతో మెల్లగా లోపలికి నొక్కాలి. అప్పుడు బానెట్ కింది డబ్బాలో బ్రేక్ ఆయిల్ మట్టం పెరుగుతుంది. అది పొంగి కారు మీద పడితే రంగు లేచిపోతుంది. ఒక చక్రానిదే అరిగినా రెండు వైపులా మార్చాల్సిందే, లేదంటే బ్రేకు వేసినప్పుడు కారు ఓ పక్కకు లాగుతుంది.

ఇంటి పని ఇక్కడికి చాలు. డిస్కు మీద లోతైన గాట్లు పడినా, దాని మీద ముద్రించిన కనీస మందం కన్నా పలచబడినా, పిస్టన్ బిగుసుకుపోయినా, ఎక్కడైనా ఆయిల్ కారుతున్నా మెకానిక్‌ను పిలవాల్సిందే. మీట నొక్కితే పడే ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకు ఉన్న కార్లలో వెనక ప్యాడ్ల జోలికి సరైన పరికరం లేకుండా వెళ్లకూడదు.

పనితనం ఎంత బాగున్నా సరుకు నకిలీదైతే ఫలితం సున్నా. పెద్ద కంపెనీల పెట్టెలను అచ్చుగుద్దినట్టు పోలిన ప్యాడ్లు మార్కెట్లో తిరుగుతుంటాయి. ఊళ్లో సిగ్నళ్ల దగ్గర అవి బాగానే ఆపినట్టు అనిపిస్తాయి. తిరుమల నుంచి దిగే ఘాట్ రోడ్డులోనో, శ్రీశైలం మలుపుల్లోనో వేడెక్కాక అసలు రంగు బయటపడుతుంది. పెడల్ ఎంత తొక్కినా పట్టు దొరకదు. మంచి ప్యాడ్లున్నా సరే, దిగేటప్పుడు కింది గేరులో ఉండాలనేది అందుకే. బిల్లు ఇచ్చే దుకాణంలో కొనడం, పెట్టె మీద ‘ఆస్బెస్టాస్ లేనిది’ అని ఉందో లేదో చూడడం కనీస జాగ్రత్త.

ఆ రెండో మాట కారు యజమానికన్నా షెడ్డులో కుర్రాడికి ముఖ్యం. ఆస్బెస్టాస్, అంటే రాతినార, క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధన విభాగం తేల్చింది. ఆస్బెస్టాస్ కార్మికుల కేసులో 1995లో సుప్రీంకోర్టు, కార్మికుడి ఆరోగ్యం జీవించే హక్కులో భాగమని స్పష్టంచేసింది. నేపాల్ 2015లో ఈ పదార్థాన్ని నిషేధించినా బ్రేక్ షూలను, క్లచ్ ప్లేట్లను మినహాయించింది. చక్రం విప్పగానే గాలి పైపుతో బ్రేకు దుమ్మును ఊదేసే అలవాటు మన షెడ్లలో మామూలే. ప్యాడ్‌లో ఏముందో తెలియనప్పుడు ఆ దుమ్ము ఎవరి ఊపిరితిత్తుల్లోకి వెళ్తోందో ఆలోచించాలి. ఊదకుండా తడిగుడ్డతో తుడవడానికి పైసా ఖర్చు కాదు.

పని నేర్చుకున్నంత మాత్రాన మెకానిక్ పొట్ట కొట్టినట్టు కాదు. తీసిన ప్యాడ్లు చూపించమని, రెండు వైపులా మార్చారా అని అడగగలిగే యజమాని దగ్గర మంచి మెకానిక్‌కే గౌరవం పెరుగుతుంది.

చక్రాలు బిగించి, కారు కిందికి దించాక ఒక పని మిగిలి ఉంటుంది. పిస్టన్‌ను వెనక్కి నొక్కాం కాబట్టి అది ప్యాడ్లకు దూరంగా ఉంటుంది. తొలిసారి తొక్కితే పెడల్ సర్రున నేలకు దిగిపోతుంది, కారు ఆగదు. అందుకే కదిలించే ముందే, పెడల్ గట్టిపడేదాకా పలుమార్లు తొక్కాలి. ఆ తర్వాత ఆయిల్ మట్టం చూసి, ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా నడిపి పరీక్షించాలి. మొదటి కొన్ని వందల కిలోమీటర్లు అవసరమైతే తప్ప సడన్ బ్రేకులు వేయకూడదు. గంట సేపు పడ్డ శ్రమంతా ఆ కొద్ది క్షణాల మీదే ఆధారపడి ఉంటుంది. దాన్ని మరచినవాడికి గుర్తుచేసేది సెల్లార్ గోడే.