చంటిపిల్లలతో లండన్‌లో తిరగడం

మన గుంటూరులో పిల్లతల్లి బయటికి బయల్దేరాలంటే ఎంతసేపండీ? చంటిదాన్ని చంకనేసుకుని, పెద్దవాడి చెయ్యి పట్టుకుని ఆటో పిలిస్తే సరి. బస్సులో నిలబడాల్సి వచ్చినా ఎవరో ఒకావిడ “ఇలా ఇవ్వమ్మా” అని పిల్లను ఒళ్లోకి తీసుకుంటుంది. లండన్‌లో ఆ మాట వినపడదు. అక్కడివాళ్లు మంచివాళ్లు కారని కాదు సుమా, పరాయిపిల్లను ముట్టుకోవడం వాళ్ల మర్యాద కాదు. అంచేత మన ఏర్పాట్లు మనమే చూసుకోవాలి. ఇప్పుడు మన జిల్లాల్లో పురిటికనో, మనవల్ని చూడాలనో ఇంగ్లండు వెళ్లే ఆడవాళ్లు తక్కువేం కాదు. నేనూ మా అమ్మాయి రెండో పురిటికి వెళ్లి, నాలుగేళ్ల మనవణ్ణీ, మూడు నెలల మనవరాల్నీ వెంటేసుకుని తిరిగాను. ఆ సంగతులే ఈ పూట చెబుతాను.

ముందు సామాను సంగతి. మన కారం, కందిపొడి నిక్షేపంగా పట్టుకెళ్లొచ్చు. నెయ్యి మాత్రం కుదరదు. పాలూ, పాలతో చేసిన సరుకులూ మన దేశం నుంచి రానివ్వరు. పచ్చి కరివేపాకు కూడా అంతే. చంటిపిల్లల పాలపొడి, మూత తియ్యని డబ్బాలైతే, 2 కిలోల దాకా ఒప్పుకుంటారు. పిల్లలతోనే విమానం ఎక్కేట్టయితే ఊయల తొట్టి కావాలని టిక్కెట్టు కొనేటప్పుడే అడగాలి. విమానం దిగేటప్పుడు చెవులు దిబ్బడేసి పిల్లలు గుక్కపట్టి ఏడుస్తారు. ఆ సమయానికి పాలు పట్టండి, గుటకలు వేస్తుంటే చెవులు వదులవుతాయి.

దిగిన మూడు నాలుగు రోజులూ ఎక్కడికీ బయల్దేరకండి. వేసవిలో మనకీ వాళ్లకీ నాలుగున్నర గంటల తేడా. అక్కడ రాత్రి రెండు గంటలైతే మన పిల్లలకి తెల్లవారి ఆరున్నర అయినట్టే, లేచి కూచుంటారు. దానికి తోడు జూన్‌లో రాత్రి తొమ్మిది దాటాక గాని పొద్దుగూకదు. వెలుతురు ఉండగా పడుకోమంటే ఏ పిల్లవాడు వింటాడు? కిటికీకి దళసరి దుప్పటి కట్టాక గాని మావాడు నిద్రపోలేదు.

ఇక తిరగడం. లండన్‌లో భూమి కింద నడిచే రైళ్లు 1863లో మొదలయ్యాయి. అప్పట్లో తోపుడుబండ్ల గురించి ఎవరు ఆలోచిస్తారు? అందుకే చాలా స్టేషన్లలో మెట్లే మెట్లు. కదిలే మెట్ల మీద బండిలో పిల్లను కూచోబెట్టి ఎక్కించకూడదు, బండి మడిచి పిల్లను ఎత్తుకోవాలి. రైలు పటంలో చక్రాల కుర్చీ గుర్తు వెతుక్కోండి. నీలం రంగు గుర్తున్న స్టేషన్‌లో వీధి నుంచి రైలు దాకా మెట్టు ఉండదు. తెల్లగుర్తు ఉంటే ప్లాట్‌ఫారం దాకానే, రైలెక్కేచోట ఎత్తో, సందో ఉంటుంది. 2022లో మొదలైన ఎలిజబెత్ లైనులో అన్ని స్టేషన్లలోనూ లిఫ్టులో, వాలుదారులో ఉన్నాయి. చుట్టుదారైనా అదే సుఖం. పదకొండేళ్ల లోపు పిల్లలకి, టిక్కెట్టు ఉన్న పెద్దవాళ్లతో ఉంటే, ఈ రైళ్లలో డబ్బు అక్కర్లేదు.

ఆ సందు సంగతి తెలియక నేను పడ్డ అవస్థ చెబుతాను. మా అమ్మాయి ఆ రోజు ఇంట్లో పడుకుంది. ఇద్దరు పిల్లలతో నేనొక్కదాన్నే బయల్దేరాను. రైలు వచ్చి ఆగింది. బండి ముందుచక్రం సందులో ఇరుక్కుంటుందేమోనని వంగి చూసుకుంటున్నాను. వాడు నా చెయ్యి విడిపించుకుని లోపలికి గెంతాడు. తలుపులు మూసుకున్నాయి. అద్దంలోంచి వాడి మొహం కనిపించింది, అంతే, రైలు వెళ్లిపోయింది. నాకొచ్చిన కాస్త ఇంగ్లీషూ నోటికి రాలేదు. “బాయ్, ట్రెయిన్” అని అరిచాను. ప్లాట్‌ఫారం మీది ఉద్యోగికి అర్థమై తరవాతి స్టేషన్‌కి కబురు చేశాడు. వెనకాలే వచ్చిన రైల్లో నేను చేరేసరికి వాడు బల్ల మీద కూచుని ఉన్నాడు. ఎవరో పెద్దావిడ వాడి పక్కన కూచుని ఉంది, తన రైలు వదులుకుని. “అమ్మమ్మా, నువ్వు తప్పిపోయావు” అన్నాడు వాడు. మా అమ్మాయి ఆ రాత్రి నన్నొక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

మర్నాటి నుంచి మా ఇంట్లో ఒక ఆట పెట్టాం. కుర్చీలే రైలు. వాడొక్కడే లోపల ఉండిపోతే పక్క స్టేషన్‌లో దిగి అక్కడే నిలబడాలి. ప్లాట్‌ఫారం మీద ఉండిపోతే కదలకూడదు. రోజూ ఆడించాం. కోటు లోపలి జేబులో ఫోన్ నంబరు కాగితం పెట్టాం. మనిషొక్కరూ పిల్లలిద్దరూ అయినప్పుడు మాత్రం నా మటుకు నేను బస్సే మేలంటాను. బండి నిలపడానికి మధ్యలో చోటుంటుంది. అది అసలు చక్రాల కుర్చీలవాళ్ల చోటు, వాళ్లొస్తే బండి మడిచి తప్పుకోవాలి. 2017లో ఈ విషయం అక్కడి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. డ్రైవరు ఒకసారి అడిగి ఊరుకుంటే చాలదని తీర్పు వచ్చింది. బస్సులో నోట్లూ చిల్లరా తీసుకోరు, కార్డు దగ్గరుంచుకోండి.

తల్లిపాలు ఇచ్చేవాళ్లకి బెంగ అక్కర్లేదు. హోటల్లోనైనా, బస్సులోనైనా పాలిస్తున్నందుకు లేచి వెళ్లమనడం 2010 చట్టం ప్రకారం తప్పు. కొట్లో పాలు కొనేటప్పుడు సీసా మీది లేబుల్ రంగు చూడండి. నీలం లేబుల్‌వి చిక్కటి పాలు, ఏడాది నిండిన పిల్లలకి అవే పట్టాలి. ఆకుపచ్చ లేబుల్‌వి సగం వెన్న తీసినవి, ఎర్ర లేబుల్‌వి పూర్తిగా తీసినవి. మనం చవకనో, కనపడిందనో ఎర్ర లేబుల్‌వి తెచ్చి పసివాళ్లకి పోస్తే పొట్ట నిండుతుంది గాని ఒంటికి పట్టదు.

జ్వరం వస్తే 111కి ఫోన్ చేస్తే ఏం చెయ్యాలో చెబుతారు, ప్రాణం మీదికొస్తే 999. ఆస్పత్రి అత్యవసర విభాగంలో చూసినంతవరకు డబ్బు అడగరు. చేర్చుకున్నారంటే మనలాటి చుట్టపుచూపువాళ్లకి పెద్ద బిల్లే వేస్తారు. బీమా లేకుండా పిల్లల్ని తీసుకెళ్లకండి.

వాన పట్టిన రోజుల్లో మ్యూజియాలకి పోవచ్చు, పెద్దవాటిల్లో చాలావాటికి టిక్కెట్టు లేదు. బ్రిటిష్ మ్యూజియంలో 33ఎ అనే అద్దాల గదిలో మన అమరావతి శిల్పాలున్నాయి. వెళ్లేముందు గది తెరిచి ఉందో లేదో కనుక్కోండి. 1845లో వాల్టర్ ఇలియట్ దొర తవ్వించి మద్రాసు పంపిన రాళ్లలో చాలా భాగం 1859లో ఓడెక్కాయి. అంతా మన పలనాటి సున్నపురాయే. మాయాదేవి కథ చెక్కిన పలక ఒకటుంది. అందులో పసిబిడ్డ రూపం చెక్కలేదు. ఆడవాళ్లు పొడుగాటి గుడ్డ పట్టుకుని ఉంటారు, దాని మీద బుల్లి పాదాల గుర్తులు, అంతే. నేను ఆ ముందు నిలబడేసరికి మా మనవరాలు నా పాత చీరాల నేతచీరలో, మొహం నాకు కనపడేట్టు, గడ్డం ఛాతీకి ఆనకుండా కట్టుకున్న ఉయ్యాల్లో నిద్రపోతోంది. బండి ఆ రోజు ఇంటి దగ్గరే వదిలేశాం.