క్లిక్కుకు వెల: గృహవిక్రయంలో అన్వేషణ ప్రకటనలు

“ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు” అన్నారు పెద్దలు. జీవితకాలపు కష్టార్జితాన్ని ఒక్కసారిగా ఖర్చుపెట్టించే కార్యాలు ఈ రెండూ. నేడు ఇల్లు కట్టడమే గాక, కట్టిన ఇంటిని అమ్మడము, తగిన ఇంటిని వెదకడము కూడ ఒక విద్య అయినది. ఒకప్పుడు ఈ పని ఊరిలోని మధ్యవర్తి ద్వారానో, దినపత్రికలోని చిన్న ప్రకటన ద్వారానో జరిగేది. ఇప్పుడు కొనగోరే వ్యక్తి చేతిలోని ఫోనులో నాలుగు మాటలు టైపు చేస్తున్నాడు. దానికి జవాబుగా తెరపై భాగాన “స్పాన్సర్డ్” అనే గుర్తుతో తరచు కనిపించే వరుసలు, సొమ్ము చెల్లించి పొందిన స్థానాలు. వాటి వెనుక ఉన్న పద్ధతి ఏమిటో అమ్మేవారికి, కొనేవారికి కూడ తెలియవలసి ఉన్నది.

పద్ధతి పుట్టుక

దినపత్రికలో ప్రకటన అచ్చువేయిస్తే అది ఆక్రమించిన స్థలాన్ని బట్టి రుసుము చెల్లించాలి. దానిని చదివినవారు పదిమందైనా, పదివేలమందైనా ఆ రుసుములో మార్పు ఉండదు. అన్వేషణ ప్రకటన తీరు వేరు. అది తెరపై కనిపించినంత మాత్రాన ఖర్చు లేదు. చదువరి దానిని నొక్కినప్పుడే, అనగా క్లిక్కు చేసినప్పుడే ఖర్చు. అమెరికాలో బిల్ గ్రాస్ 1998లో ప్రారంభించిన గోటూ అనే సేవ ఈ విధానాన్ని ప్రచారంలోనికి తెచ్చినది. గూగుల్ సంస్థ 2000లో యాడ్‌వర్డ్స్ అనే ప్రకటనల విభాగాన్ని ఆరంభించి, 2002లో క్లిక్కుకు వెల అనే పద్ధతిని చేపట్టినది. 2018లో దాని పేరు గూగుల్ యాడ్స్ అయినది.

ఎవరైనా ఒక మాటను వెదికిన ప్రతిసారి రెప్పపాటులో ఒక వేలం జరుగుతుంది. ఆ మాటను కోరుకున్న వ్యాపారులు తాము క్లిక్కుకు గరిష్ఠంగా ఎంత ఇవ్వగలరో ముందే తెలిపి ఉంటారు. అయితే ఎక్కువ సొమ్ము పలికినవానికే అగ్రస్థానం దక్కుతుందన్న నియమం లేదు. వెదికిన మాటకు, ప్రకటనకు ఎంత పొంతన ఉన్నదో, ప్రకటన తీసుకొనిపోయే పుట చదువరికి ఎంతవరకు ఉపకరిస్తుందో కూడ లెక్కలోనికి వస్తాయి. అందుచేత సూటిగా మాట్లాడే చిన్న నిర్మాణదారుడు, తనకంటె పెద్ద సంస్థను దాటి పైస్థానాన్ని పొందే అవకాశం ఉన్నది.

మాటల ఎంపిక

ఈ వ్యాపారంలో అసలు పెట్టుబడి మాటలే. తెలుగులో “ప్లాటు” అంటే ఖాళీ స్థలం, “ఫ్లాటు” అంటే భవనంలోని ఒక నివాసం. ఒక్క అక్షరం తేడా. కాని ఒకరు కోరేది మరొకరికి అక్కరకు రాదు. భూమి కొలతల సంగతి ఇంకా విచిత్రం. ఆంధ్రప్రదేశ్‌లో సెంటు అంటారు, అది 48.4 చదరపు గజాలు. తెలంగాణలో గుంట అంటారు. అది 121 చదరపు గజాలు. చెన్నైలో గ్రౌండు అంటే 2,400 చదరపు అడుగులు. కోల్‌కతాలో కాఠా అంటే 720 చదరపు అడుగులు. హైదరాబాదులో స్థిరపడదలచిన వారిలో ఈ ప్రాంతాలన్నింటివారు ఉన్నారు. ఎవరి అలవాటు మాటను వారు టైపు చేస్తారు. కొందరు తెలుగులో, కొందరు హిందీలో, కొందరు ఆంగ్లంలో. విక్రేత ఈ వైవిధ్యాన్ని గ్రహించి మాటలను ఎంచుకొనాలి. కొలతను మాత్రం అందరికీ అర్థమయ్యేలా చదరపు గజాలలోనో, చదరపు మీటర్లలోనో కూడ తెలపాలి.

ఏ మాటలు కావాలో చెప్పడం ఎంత ముఖ్యమో, ఏవి వద్దో చెప్పడమూ అంతే ముఖ్యం. ఉదాహరణకు ఒక లెక్క చూద్దాం. క్లిక్కుకు 20 రూపాయలు అనుకుంటే 10,000 రూపాయలకు 500 మంది వస్తారు. వారిలో 300 మంది అద్దె ఇల్లు వెదుకుతున్నవారైతే 6,000 రూపాయలు వృథా. మిగిలిన 200 మందిలో 10 మంది ఫోను చేసి విచారిస్తే, ఒక్కొక్క విచారణకు అయిన ఖర్చు 1,000 రూపాయలు. “అద్దె” అనే మాటతో వెదికేవారికి ప్రకటన చూపవద్దని ముందే నిర్దేశించి, వచ్చిన 500 మందీ కొనగోరేవారే అయ్యేటట్లు చేయగలిగితే, అదే లెక్కన 25 మంది విచారిస్తారు. అప్పుడు ఒక్కొక్క విచారణకు ఖర్చు 400 రూపాయలే. ఆశ చూపి అందరినీ పిలవడంకంటె అవసరమున్నవారినే పిలవడం లాభమని ఈ లెక్క చెబుతున్నది.

సత్యమే లాభదాయకం

పత్రికా ప్రకటనలో అతిశయోక్తికి అదనపు ఖర్చు లేదు. ఇక్కడ ఉన్నది. “నగరానికి అతి సమీపం” అని చదివి నొక్కినవాడు, స్థలం 40 కిలోమీటర్ల దూరాన ఉన్నదని తెలిసి మరుక్షణం వెనుదిరిగినా, విక్రేత సొమ్ము పోయినట్లే. ధర, చోటు, విస్తీర్ణం ముందే చెబితే క్లిక్కులు తగ్గవచ్చు. కాని వచ్చినవాడు తెలిసి వస్తాడు.

చట్టం కూడ ఇదే కోరుతున్నది. స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టం, అనగా రేరా, 2016లో వచ్చినది. 2017 మే 1 నుండి పూర్తిగా అమలులోనికి వచ్చినది. దాని ప్రకారం నమోదు కావలసిన నిర్మాణ పథకాన్ని నమోదు చేయించకుండ ప్రకటించరాదు. స్థలం 500 చదరపు మీటర్లకు గాని, నివాసాలు ఎనిమిదికి గాని మించని పథకాలకు సాధారణంగా మినహాయింపు ఉన్నది. ప్రకటనలో నమోదు సంఖ్యను, నియంత్రణ ప్రాధికార సంస్థ వెబ్‌సైటు చిరునామాను స్పష్టంగా తెలపాలి. ప్రకటనలోని అసత్యాన్ని నమ్మి సొమ్ము చెల్లించి నష్టపోయినవారికి పరిహారం ఇవ్వాలి. వారు విరమించుకొనదలిస్తే కట్టిన సొమ్మును వడ్డీతో తిరిగి చెల్లించాలి. చట్టం దృష్టిలో ప్రకటన ఏ మాధ్యమంలో వచ్చినా ప్రకటనే. ఫోను తెర అందుకు మినహాయింపు కాదు.

కొనేవారు గమనించవలసినది ఒకటి ఉన్నది. తెరపై అగ్రస్థానం నాణ్యతకు యోగ్యతాపత్రం కాదు. అది వేలంలో గెలుచుకొన్న చోటు మాత్రమే. కాబట్టి నమోదు సంఖ్యను రాష్ట్ర ప్రాధికార సంస్థ వెబ్‌సైటులో సరిచూసుకొనాలి. పథకం చట్టం పరిధిలోనిదైతే, విక్రయ ఒప్పందం వ్రాసి రిజిస్టరు చేయించకముందే ధరలో పదిశాతానికి మించి బయానా తీసుకొనరాదని కూడ అదే చట్టం చెబుతున్నది. ఈ పుటలు చదివే విద్యార్థులలో రేపు ఇళ్ళు కట్టేవారు కొందరే కావచ్చు, కొనేవారు ఎక్కువమంది. ఒక్క క్లిక్కుకు విక్రేత చెల్లించేది కొద్ది రూపాయలు. దాని వెంట తొందరపడి నడిచిన కుటుంబం చెల్లించేది ఒక జీవితకాలపు పొదుపు. అడుగు వేయకముందే సరిచూసుకొనడానికి పట్టేది మాత్రం కొన్ని నిమిషాలే.