ల్యాప్‌టాప్‌కి తగిలించే స్కోప్: ఏది కొనాలి?

గుర్రంకొండ దగ్గర మా టమాటా తోట బోరు మోటారుకి జీఎస్ఎం స్టార్టర్ చేస్తున్నా. మాడ్యూల్ 9600 బాడ్‌లో మాట్లాడుతుంది, అంటే ఒక్కో బిట్ సుమారు 104 మైక్రోసెకన్లు. దీనికి ఢిల్లీ ఐయూఏసీ వాళ్లు రూపొందించిన ఎక్స్‌పైస్-17 చాలు. గరిష్ఠంగా సెకనుకు 10 లక్షల శాంపిళ్లు తీస్తుంది, బిట్‌కి పదుల్లో పాయింట్లు దొరుకుతాయి. సిగ్నల్ జనరేటర్ కూడా అందులోనే ఉంది! 8 మెగాహెర్ట్జ్ క్లాక్ చూడాలంటే మాత్రం హాన్‌టెక్ 6022బీఈ లాంటిది కావాలి. డబ్బా మీద అంకెలు చూసి మురిసిపోకుండా, ముందు మీ సిగ్నల్ వేగం లెక్కేసుకోండి.

రెండిటికీ ఐసొలేషన్ లేదు. ప్రోబ్ గ్రౌండ్ క్లిప్పు నేరుగా యూఎస్‌బీ గ్రౌండే. స్టార్టర్‌లో త్రీఫేజ్ వైపు దాన్ని తగిలిస్తే స్కోపూ ల్యాప్‌టాపే కాదు, మనిషీ పోవచ్చు. నేను మైక్రోకంట్రోలర్ పిన్నుల దగ్గరే ఆగిపోతా. రిలే అవతల సంగతి మా ఊరి ఎలక్ట్రీషియన్ అన్న చూసుకుంటాడు.